టార్పాలిన్ కింద ఒక రాత్రి

క్యాంపింగ్‌కు ఖరీదైన టెంటే కావాలనుకోకండి. పటాన్‌చెరులో జీతం పడ్డాక నేను, ఇద్దరు దోస్తులు టార్పాలిన్, నైలాన్ తాడు, టార్చిలైటు కొన్నం. వెయ్యి దాటలే. కింద పరవడానికి కడిగిన యూరియా సంచులు కుట్టినం. మంజీరా అభయారణ్యంలో, రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా పడుకోవద్దు కాబట్టి నారాయణఖేడ్ దిక్కు మా తండా చేను గట్టుకే పోయినం.

మా యాడి చూసి నవ్వలే. "చెరుకు కొట్టబోయినప్పుడు నెలల తరబడి దీనికిందనే ఉన్నం. మీకిది సరదానా?" అన్నది. కాసేపటికి తనే పార పట్టి, వాన నీళ్ళు లోపలికి రాకుండా చుట్టూ చిన్న కాలువ తీసింది. గాలి వచ్చే వైపు అంచు కిందికి దించి కట్టమన్నది.

మనకిది ఒక్క రాత్రి, వాళ్ళకది బతుకు. సామాను కొనే ముందు ఇంట్లో పెద్దోళ్ళను అడగండి. టార్పాలిన్ అంటే సిగ్గుపడకండి.