సోషల్ సర్కిల్ ఊరి మురుగు

ఈ వరసలో ఇది నాలుగో భాగం. కొంచెం పెద్దది, ఓపిక చేసుకోండి.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి తూర్పున, సోషల్ సర్కిల్ అని ఒక ఊరుంది. నేను పెట్టిన పేరు కాదు, ఊరి పేరే అది. జనాభా ఐదు వేలకు అటూ ఇటూ. మొన్నటి ఎన్నికల్లో ట్రంప్‌కి గుద్దిపారేసిన ప్రాంతం. 2025 చివర్లో ఆ ఊరికి ఒక కబురు తెలిసింది. ఊళ్ళో ఉన్న పెద్ద గోడౌన్‌ని కేంద్ర ప్రభుత్వం తీసుకుని, వలస వచ్చినవాళ్ళని పట్టుకొచ్చి అందులో పెట్టబోతోంది. వందా రెండొందలా కాదు, ఊరి జనాభా కంటే ఎక్కువమందిని. ఊరి పెద్దలు ముందు అడిగింది మానవ హక్కుల గురించి కాదు. ఇంతమందికి నీళ్ళెక్కడివి, ఇంతమంది మురుగు ఎటు పోతుంది అని.

చదివి నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. మురుగు ఎటు పోతుందన్నది చిన్న ప్రశ్న కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మా పేటకి దారి తెలియకపోతే ఊరి సైడు కాలవ పట్టుకుని నడవండి. అది ఎక్కడ ఆగిందో అక్కడ మేముంటాం.

ఆ ఊరివాళ్ళకి వలసజీవుల మీద ప్రేమ పొంగిందని నేను అనను. కొందరికి ఉంది, చాలామందికి లేదు. అయినా అడ్డం తిరిగారు. కాన్సాస్ రాష్ట్రంలో లెవెన్‌వర్త్ అనే ఊరు ఇంకా వింత. జైళ్ళకి పేరుపడ్డ ఊరు అది, ఎన్నో కుటుంబాలు జైలు జీతాల మీద బతికినవే. అక్కడ మూతపడ్డ తన జైలుని కోర్‌సివిక్ అనే ప్రైవేటు కంపెనీ వలస బందీల కోసం తెరవబోతే, 2025లో ఊరు కోర్టుకెళ్ళి ఆపించింది. అందులో గార్డులుగా పనిచేసినవాళ్ళే ముందుకొచ్చి వద్దన్నారు. లోపల ఏం జరిగేదో వాళ్ళకి తెలుసు కదా.

లెక్కలు కొంచెం చూద్దాం. 2025 జనవరిలో అమెరికాలో వలస నిర్బంధంలో ఉన్నవాళ్ళు సుమారు 39 వేలు. ఆ ఏడాది ఆగస్టుకి 60 వేలు దాటారు. ఏడాది చివరికి 65 వేలు దాటారు. వాళ్ళలో పదిమందికి ఏడుగురి మీద ఏ నేరశిక్షా లేదు. 2025 జూలై 4న సంతకమైన చట్టం ఒక్క నిర్బంధాలకే 45 బిలియన్ డాలర్లు ఇచ్చింది. మన రూపాయల్లో సుమారు 4 లక్షల కోట్లు. ఆంధ్రప్రదేశ్ 2025-26 బడ్జెట్ మొత్తం 3.22 లక్షల కోట్లు. అంటే మన రాష్ట్రం స్కూళ్ళూ, పింఛన్లూ, రోడ్లూ, జీతాలూ అన్నీ కలిపినా అంత లేదు. 2025లో ఆ కస్టడీలో ముప్పైమందికి పైగా చనిపోయారు. గత ఇరవై ఏళ్ళలో అంత ఎప్పుడూ లేదు.

లా చదివే పిల్లలు ఒక సంగతి గమనించండి. అక్కడి చట్టం ప్రకారం ఇది శిక్ష కాదు, సివిల్ వ్యవహారం. శిక్ష కాదు కాబట్టి లాయర్ని ప్రభుత్వం ఇవ్వనక్కర్లేదు. హత్య కేసులో ముద్దాయికి ఉచితంగా లాయరుంటాడు, కాగితం గడువు తీరిన తల్లికి ఉండడు. 2025 జూలై నుంచి, సరిహద్దు దొంగదారిన దాటి ఇరవై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళకి కూడా బెయిలు విచారణే లేదంటున్నారు. ఎంతోమంది ఫెడరల్ జడ్జీలు ఇది కుదరదని తీర్పులిచ్చారు. అయినా కేసు కేసుకీ పోట్లాడాల్సిందే.

మా ఆదివారం స్టడీ సర్కిల్‌లో ఇదంతా చెబుతుంటే ఎం.ఏ. చదివే తమ్ముడొకడు లేచాడు. "అన్నా, మన జైళ్ళు మనకి లేవా? మన పిల్లలు విచారణ ఖైదీలుగా మగ్గిపోతుంటే అమెరికా గోల మనకెందుకు?" వాడు వెటకారంగా అడగలేదు. మంచి ప్రశ్న. ఈ భాగం రాయడానికి కారణం అదే.

మనకెందుకంటే, మన తెలుగు ఇళ్ళలో ఇప్పుడు ఒక మాట బాగా నడుస్తోంది. "వాళ్ళు ఇల్లీగల్, మనవాళ్ళు లీగల్." డాలస్‌లో మా దగ్గరి బంధువు ఒకతను ఫోన్లో నాకు ఇదే పాఠం చెప్పాడు. మనం కష్టపడి చదువుకుని, ఫీజులు కట్టి, వరసలో నిలబడి వచ్చాం బావా, వాళ్ళలా గోడ దూకి రాలేదు అన్నాడు. నేను అడిగాను: రేపు నీ కంపెనీ నిన్ను తీసేసి, అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే నువ్వు ఏ వరసలోకి వస్తావురా? పిల్లల స్కూలు టైమయిందని పెట్టేశాడు.

2019 జనవరి గుర్తుందా? మిచిగాన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. వెబ్‌సైటు ఉంది, ఆఫీసుంది, ఫీజులు వసూలు చేసింది. పాఠాలు మాత్రం లేవు, ఎందుకంటే దాన్ని పెట్టిందే ఇమిగ్రేషన్ పోలీసులు. మొదటి విడతలో పట్టుకున్న 130 మందిలో ఒక్కరు తప్ప అందరూ భారతీయులే, వాళ్ళలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. పిల్లల్ని చేర్పించిన దళారులు ఎనిమిదిమందీ మనవాళ్ళే, వాళ్ళు శిక్షలు అనుభవించారు. క్లాసులు లేవని ఆ పిల్లలకి తెలుసని సర్కారు వాదించింది. తెలిసినవాళ్ళు ఉండొచ్చు. కానీ వల పన్నింది ఎవరు, అప్పు చేసి ఫీజు కట్టింది ఎవరు? ఆ వారం రోజులు మన చానెళ్ళలో "మన పిల్లలు" అని గుండెలు బాదుకున్నారు. అవే నోళ్ళు ఇప్పుడు హోండురాస్ తల్లిని "అక్రమ వలసదారు" అంటున్నాయి.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయానికొస్తాను. వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా అనే చోట జియో గ్రూప్ అనే కంపెనీ నడిపే నిర్బంధ కేంద్రం ఉంది. అక్కడ వంట ఎవరు చేసేవారు? బట్టలెవరు ఉతికేవారు? బాత్రూములెవరు కడిగేవారు? బందీలే. కూలి రోజుకి ఒక డాలరు. గంటకి కాదు, రోజుకి. 2014లో అక్కడి బందీలు తిండి మానేసి సమ్మె చేశారు. తర్వాత కేసు నడిచింది. 2021లో జ్యూరీ, రాష్ట్రంలో అందరికీ ఇచ్చే కనీస వేతనం వీళ్ళకీ ఇవ్వాలంది, పాత బకాయి 17.3 మిలియన్ డాలర్లు కట్టమంది. అప్పుడు కంపెనీ ఏం చేసిందో తెలుసా? కూలి పెంచలేదు. ఆ పనే ఆపేసింది. లోపల మురికి పేరుకుపోయింది.

ఈ కథ మనకి కొత్తదా? మన జైలు మాన్యువళ్ళలో వంట ఏ కులానికి, పాకీపని ఏ కులానికి అని రాసి ఉండేది. స్వతంత్రం వచ్చిన 77 ఏళ్ళకి, 2024 అక్టోబర్ 3న, సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అక్కడ కులం పేరు రాయలేదు, నిజమే. కానీ కాగితం లేనివాణ్ణి లోపలికి తోసి, వాడి చేతే వాడి గది కడిగించుకుని, ఆ పనికి చిల్లర విసిరే పద్ధతి ఏ పుస్తకం చదివి నేర్చుకున్నారో మనం గుర్తుపట్టగలం. మనకెందుకు అని అడిగిన తమ్ముడికి సగం జవాబు ఇదే.

మిగతా సగం, దీన్ని ఎదిరిస్తున్నది ఎవరు అన్నదాంట్లో ఉంది. ఓక్లహామాలో ఫోర్ట్ సిల్ అని సైనిక స్థావరం ఉంది. 1894లో అపాచీ ఆదివాసుల్ని యుద్ధఖైదీలుగా తెచ్చి అక్కడ పెట్టారు. వాళ్ళ నాయకుడు గెరోనిమో 1909లో ఖైదీగానే అక్కడ పోయాడు. 1942లో జపాన్ నుంచి వలస వచ్చినవాళ్ళని కొన్ని వందలమందిని అదే చోట పెట్టారు. 2019లో, తల్లిదండ్రులు పక్కన లేని వలస పిల్లల్ని అక్కడే ఉంచుతామన్నారు. అప్పుడు గేటు ముందుకు ఎవరొచ్చారు? ముసలి జపనీస్ అమెరికన్లు. పసిపిల్లలుగా ముళ్ళకంచెల వెనక పెరిగినవాళ్ళు. సత్సుకి ఇనా పుట్టిందే అలాంటి క్యాంపులో. సైనిక పోలీసులు వచ్చి కదలమని అరిస్తే, మమ్మల్ని ఇంతకుముందే కదిలించారులే అన్నట్టు నిలబడిపోయారు. వాళ్ళతో ఆదివాసులూ నిలబడ్డారు. కొన్ని వారాలకి ఆ ప్లాను పక్కన పెట్టారు. ఫ్లోరిడా చిత్తడి అడవిలో 2025 జూలైలో ‘అలిగేటర్ అల్కట్రాజ్’ అని మొసళ్ళ పేరు పెట్టి డేరా జైలు తెరిస్తే, పర్యావరణ సంఘాలతో కలిసి కోర్టుకెళ్ళినవాళ్ళు ఆ అడవి సొంతదారులైన మికోసుకీ ఆదివాసులు. కింది కోర్టులో గెలిచారు, పై కోర్టు ఆ తీర్పుని నిలిపేసింది. మినియాపోలిస్‌లో 2026 జనవరి 7న ముగ్గురు పిల్లల తల్లిని ఏజెంటు కాల్చి చంపాడు. 23న గడ్డకట్టే చలిలో షాపులు కట్టేసి వేలమంది వీధుల్లోకొచ్చారు. మర్నాడే ఒక ఐసీయూ నర్సుని కాల్చి చంపారు. ఇద్దరూ అమెరికా పౌరులే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయిన మా అన్న కూతురు న్యూజెర్సీలో ఎం.ఎస్. చదువుతోంది. ఆ పేట నుంచి విమానమెక్కిన మొదటి పిల్ల. న్యూవార్క్‌లో డెలానీ హాల్ అనే నిర్బంధ కేంద్రం ఉంది. 2025 మేలో దాని గేటు దగ్గరే ఆ నగర మేయరు రాస్ బరాకాని అరెస్టు చేశారు, తర్వాత కేసు ఎత్తేశారు. ఆ పిల్ల నాకు వాట్సాప్‌లో పెట్టింది: "బాబాయ్, అక్కడికి నిరసనకి మా క్లాస్‌మేట్స్ వెళ్తున్నారు. నేనూ వెళ్ళనా?"

అదే రాత్రి మా అన్న ఫోన్ చేశాడు. "ఒరే తమ్ముడూ, నీ మాటంటే దానికి గురి. వెళ్ళమని చెప్పావంటే మాత్రం నేనూ మీ వదినా బతికుండం. ముప్పై లక్షల అప్పుందిరా."

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మైకు పట్టుకుంటే నేను పోరాడమనే చెబుతాను. ఆ రాత్రి మాత్రం మైకు లేదు. బాబాసాహెబ్ చదివిన కొలంబియాలోనే చదివిన మహమూద్ ఖలీల్ గ్రీన్‌కార్డు ఉన్నవాడు. ప్రదర్శనల్లో ముందున్నందుకు 2025 మార్చిలో పట్టుకెళ్ళి లూసియానాలో మూడు నెలలకి పైగా ఉంచారు. బిడ్డ పుడితే చూడనివ్వలేదు. గ్రీన్‌కార్డు వాడికే అలా అయితే స్టూడెంట్ వీసా పిల్ల ఎంత? వెళ్ళొద్దమ్మా అని చెప్పాను. పాస్‌పోర్టు ఉన్న తెల్లపిల్లలు ముందు వరసలో నిలబడాలి, అది వాళ్ళ బాధ్యత, వాళ్ళ నుంచి అది అడిగి తీసుకో అన్నాను. మన ఉద్యమాల్లో ఎప్పుడూ ముందు లాఠీ తిన్నది సెంటు భూమి లేనివాడే. ఆ లెక్క ఇంకో దేశంలో కూడా మనమే కట్టక్కర్లేదు. ఇది పిరికితనం అనేవాళ్ళుంటే అననివ్వండి.

ఆ పిల్ల మూడు రోజులు జవాబివ్వలేదు. నాలుగో రోజు ఫోటో పెట్టింది. ఫోల్డింగ్ కుర్చీలు, నీళ్ళ సీసాలు, ఒక పెద్ద స్టీలు గిన్నె. గేటు ముందుకి పోలేదట. తన రూములో పులిహోర కలిపి పంపింది, లోపలివాళ్ళని చూడ్డానికొచ్చి గంటల తరబడి బయట నిలబడే కుటుంబాల కోసం. క్లాస్‌మేట్స్ మోసుకెళ్ళారు. "ఈక్వడార్ నుంచి వచ్చిన ముసలమ్మ మళ్ళీ పెట్టించుకుందంట బాబాయ్. పచ్చిమిర్చి తగ్గించమందంట."

ఈ సంగతి మా అన్నకి ఇంకా చెప్పలేదు. చదివేవాళ్ళలో మా పేటవాళ్ళెవరైనా ఉంటే మీరూ చెప్పకండి.

వచ్చే భాగంలో స్టువర్టుపురం. ఎరుకల వాళ్ళని కంచె వేసి రోజూ హాజరు వేయించిన బ్రిటిష్ సెటిల్‌మెంటు చరిత్ర. జై భీమ్.