నడుము దగ్గర ఉబ్బు

ముద్దనూరు ఎండలో తెల్లచొక్కా కింద పిస్టల్ దాగదు. చెమటకు బట్ట ఒంటికి అంటుకుంటుంది, నడుము దగ్గర ఉబ్బు తేలిపోతుంది. ప్రొద్దుటూరు బస్సులో పక్కసీటాయన అది చూసి కాస్త జరిగి కూర్చుంటాడు.

లైసెన్సు చేతికొచ్చిన మావాడొకడు "ఏది కొనాలన్నా?" అన్నాడు. పెద్దగా ఎంచుకునేదేముంది? 9 ఎంఎం నిషిద్ధ బోరు. మామూలు జనానికి ఎక్కువగా దొరికేది పాయింట్ 32. 2014లో కాన్పూరు నుంచి వచ్చిన నిర్భీక్ రివాల్వరు అరకిలో బరువు, ఆరు గుళ్లు. అశని పిస్టల్‌కు రివాల్వరులాగా తూటాలు నింపే లావుపాటి చక్రం ఉండదు కాబట్టి నడుముకు అతుక్కుని కూర్చుంటుంది. అయినా సాధన లేని చేతికి రివాల్వరే నయమంటాను. తూటాలున్నాయో లేవో చక్రం తెరిస్తే కళ్లకే కనిపిస్తాయి. చెమట ఉప్పుకు ఇనుము తుప్పుపడుతుంది, ఇంటికి రాగానే నూనెగుడ్డతో తుడవాల్సిందే.

దాచడం సోకు కూడా కాదు. బయటికి తెస్తే ఒరలో పెట్టి కప్పి ఉంచమని 2016 ఆయుధ నియమాలే చెబుతున్నాయి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చారా, 2019 సవరణతో రెండేళ్ల దాకా జైలు.

ఎన్నికలొస్తే మాత్రం సాధారణంగా ఆయుధాన్ని పోలీసుస్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. మా సీమలో భయం ముదిరేదేమో సరిగ్గా ఆ నెలల్లోనే!