ప్రైమరు సాక్ష్యము, రాతి సాక్ష్యము

కోలారు బంగారు గనులలో తరతరములుగా నివసించు మన తెలుగు కుటుంబములకు పేలుడు అనునది క్రొత్త మాట కాదు. చిత్తూరు ప్రాంతమునుండియు, కోలారు జిల్లా పల్లెలనుండియు వచ్చిన మన పెద్దలు రాతికి బెజ్జము వేసి, మందు దట్టి, దూరముగా నిలిచి చప్పుళ్లు లెక్కించినవారే. చప్పుడు అందరికిని వినబడును. లోపల పుట్టిన ఒత్తిడి మాత్రము ఎవరికిని కనబడదు. అది విడిచిపోయిన గుర్తులను చూచి ఊహింపవలసినదే. ఆ గుర్తులను ఎంతవరకు నమ్మవచ్చును, ఎక్కడ నమ్మరాదు అను విషయమును గూర్చి మేము విన్నదియు కన్నదియు ఇచ్చట వ్రాయుచున్నాము. ముందు చిన్న తూటాతో మొదలుపెట్టి, పిదప లోతైన గనికి వచ్చెదము.

మేము ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి గనుల కొట్టులో గుమాస్తాగా చేరి, 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు అచ్చటనే పద్దులు వ్రాసితిమి. ఆ కాలమున మా ఇంటి ప్రక్కనే ఒక ఆంగ్లో-ఇండియను పెద్దమనిషి ఉండెడివారు. ఆయన యౌవనములో కోలారు గోల్డ్ ఫీల్డ్ బెటాలియనులో రైఫిలు పట్టినవారు. 1903లో వాలంటీరు దళముగా మొదలై, పిమ్మట ఆక్జిలియరీ ఫోర్సులో చేరి, స్వాతంత్ర్యముతో ముగిసిపోయిన దళమది. ఆయన తమ్ముడు ఆస్ట్రేలియాలో స్థిరపడి, అచ్చటి వేటగాండ్రవలె కాల్చిన తూటాలను ఇంటనే మరల నింపుకొనుచుండెను. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేక చేయరాని పని యిది. తమ్ముడు ఖాళీ తూటాల అడుగుభాగమును పెద్దదిగా ఫోటో తీసి జాబులో పెట్టి పంపును. అన్నగారు భూతద్దము పెట్టి వానిని చదివి బదులు వ్రాయుదురు. ఆ జాబులు టపాలో వేయు పని తరచుగా మాదే కనుక ఆ సంగతులు మాకును అలవడినవి.

తూటా అడుగున నడిమధ్య నున్న చిన్న లోహపు గిన్నెయే ప్రైమరు. తుపాకి సూది దానిపై కొట్టగానే లోనున్న మందు మండి, ఆ మంట సన్నని రంధ్రముగుండా పోయి అసలు మందును అంటించును. అప్పుడు పుట్టిన వాయువు ముందునకు గుండును త్రోయును, వెనుకకు ఇత్తడి గొట్టమును బోల్టుపై అదుమును. ఆ అదుముడులో ప్రైమరు ముఖము బోల్టుపై అచ్చు వేసినట్లు ముద్ర పడును. ఒత్తిడి మితముగా నున్నచో దాని అంచులు గుండ్రముగానే నిలుచును. పెరిగినకొలది అంచులు చదునై, చుట్టునున్న సందు పూడిపోవును. ఇంకను పెరిగినచో లోహము సూది రంధ్రములోనికి పొంగి, సూది గుంట చుట్టు గట్టువలె లేచును. అటుపైన ప్రైమరు చిల్లిపడుటయో, అంచున మసి కారుటయో, ఊడి రాలుటయో సంభవించును. ఇత్తడి అడుగున మెరుపు మచ్చ పడుట, బోల్టు పిడి ఎత్తుటకు బిగువుగా నుండుట దాని తోడి లక్షణములు. ఈ దశకు వచ్చిన పిమ్మట ఇంకొక తూటా కాల్చువాడు తన కంటిని, చేతిని పణము పెట్టుచున్నాడన్నమాట.

ఇంతవరకు సులభముగానే తోచును. చిక్కంతయు ఇకమీదనే. ఒకసారి తమ్ముడు పంపిన .308 తూటాల ప్రైమర్లు రూపాయి బిళ్లవలె చదునై యుండెను. మందు చూడగా పుస్తకములో చెప్పిన తక్కువ మోతాదే. మందును ఇంకను తగ్గింతునా అని అతడు అడిగెను. మందు జోలికి పోవద్దనియు, గొట్టమును సరిదిద్దు అచ్చును చూడుమనియు అన్నగారు వ్రాసిరి. అచ్చు గొట్టపు భుజమును మితిమీరి వెనుకకు నొక్కినందున తూటా తన గదిలో వదులుగా కూర్చుండెను. కాల్చినప్పుడు ప్రైమరు ముందు వెలికి తోసుకొని వచ్చి, పిదప వెనుకకు వచ్చిన గొట్టము దానిని బోల్టునకు అదిమి నలిపెను. అది ఒత్తిడి పలికిన మాట కాదు, వదులుతనము పలికిన మాట. అటులనే సూది రంధ్రము అరిగి పెద్దదైన తుపాకిలో మామూలు తూటాకును గుంట చుట్టు గట్టు లేచును. ఒక కంపెనీ ప్రైమరు గిన్నె మెత్తన, వేరొకదానిది గట్టి. రెండింటిని ఒకే కొలతతో చూడరాదు.

మరియొక జాబు ఇంతకంటె ముఖ్యమైనది. ఈసారి పాత .303 రైఫిలు. ప్రైమర్లు చక్కగా గుండ్రముగా నున్నవి, ఇంకను మందు పెంచవచ్చును గదా అని తమ్ముని ప్రశ్న. అన్నగారు ఆ రాత్రియే బదులు వ్రాసి, తెల్లవారకముందే మా చేతికిచ్చిరి. అమెరికా ప్రమాణముల లెక్కలో .303కు మితి చదరపు అంగుళమునకు 49,000 పౌనులు, .308కు 62,000 పౌనులు. ప్రైమరు రెండింటిలోను ఒక్కటే కావచ్చును. దానికి తుపాకి వయస్సు తెలియదు, బోల్టు బలము తెలియదు. పాత తుపాకి మితి దాటి వేల పౌనులు పైకి పోయినను ప్రైమరు మౌనముగానే యుండవచ్చును. అది నోరు తెరచునప్పటికి తుపాకి సహనము ముగిసిపోయి యుండును. చెడ్డగుర్తు కనబడినచో ఆగవలయును గాని, గుర్తు కనబడలేదని ముందునకు పోరాదు అని ఆయన వ్రాసిన మాట మాకిప్పటికిని కంఠస్థము.

ఎండయు ఇందులో భాగస్వామియే. నాటి .303 తూటాలలో వాడిన కార్డైటు వేడెక్కినకొలది చురుకుగా మండి ఒత్తిడిని పెంచును. పుష్యమాసపు చలిలో మంచిదని తేలిన మోతాదు చైత్రపు ఎండలో బండిమీద కాగిన తూటాలో అదే ఫలితము నీయదు. కావున నిన్నటి గుర్తు నేటికి చెల్లదు.

ఇక మన గనుల మాట. మా పెద్దనాయన చాంపియన్ రీఫ్ గనిలో కొయ్యదూలములు నిలుపు పనివాడు. ఆ గని మూడు కిలోమీటర్లకు మించి లోతు పోయినది. అంత లోతున పైనున్న కొండ బరువంతయు త్రవ్విన ఖాళీ అంచులపై పడును. ఒక్కొక్కవేళ రాయి ఆ ఒత్తిడిని ఓర్వలేక తనంతట తానే పేలును. దీనిని నాటివారు ఏర్ బ్లాస్టు అనిరి, నేటి శాస్త్రజ్ఞులు రాక్ బర్స్టు అందురు. మందు లేదు, ప్రైమరు లేదు, అయినను తుపాకివలె పేలుడు. ఎన్నో కుటుంబముల దీపములు ఆర్పినది ఇదియే. దీని గుర్తులను పనివారు చెవితోను కంటితోను చదివెడివారు. పైకప్పు చిటపటలాడుట, గోడనుండి పెచ్చులు రాలుట, దూలము మూలుగుట, నేల ఉబ్బుట. ఇనుపకడ్డీతో తట్టినప్పుడు గట్టి రాయి గణగణ మ్రోగును, వదులు రాయి డొల్లగా పలుకును. మా పెద్దనాయన మాత్రము తరచు ఇట్లనెడివాడు: "రాయి మాట్లాడతా ఉంటే పని చేసుకోవచ్చురా. మాట్లాడి మాట్లాడి ఊరకైపోయిందంటే మాత్రం సామాన్లు వదిలేసి బయటికి రావల్ల."

ఆంగ్లో-ఇండియను పెద్దమనిషి జాబులోను, చదువురాని మా పెద్దనాయన నోటను మేము వినినది ఒక్కటే. మౌనము క్షేమమునకు సాక్ష్యము కాదు.

మనిషి చెవి చాలనిచోట యంత్రము తోడు రావలసి వచ్చెను. 1965లో గౌరిబిదనూరున భూకంపములను పట్టు యంత్రముల వరుస నెలకొల్పబడినది. ఆ ఊరు 2007 వరకు మన కోలారు జిల్లాలోనిదే. దూరదేశములలో భూమిలోపల జరుగు అణుపరీక్షలను సైతము నేల కంపమును బట్టి గుర్తించుట దాని పని. 1970ల చివర భాభా అణు పరిశోధన కేంద్రము వారి తోడ్పాటుతో మన గనులలోను అట్టి శ్రవణ యంత్రములను అమర్చి, రాయి ఎచ్చట, ఎంత బలముగా పగులుచున్నదో లెక్కింప మొదలుపెట్టిరి. జాతీయ శిలా యాంత్రిక సంస్థ 1988లో ఇచ్చటనే పుట్టినది. తూటాల విషయములోను ఇదే మార్పు వచ్చినది. నేడు కార్ఖానాలలో ప్రైమరు ముఖము చూచి ఒత్తిడి నిర్ణయింపరు, విద్యుత్ సాధనముతో కొలుతురు. ఇంటనింపుకొనువానికి ఆ సాధనము లేదు. కావున అతనికి మిగిలిన దారి, పరీక్షింపబడిన పుస్తకపు మోతాదులో క్రిందినుండి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎక్కి, మితి చేరకముందే నిలుచుట.

మన పిల్లలు నేడు పాతాళమునకు దిగుట లేదు. అయినను క్వారీలలోను, సొరంగపు పనులలోను, కార్ఖానాల బాయిలర్ల యొద్దను మనవారు ఎందరో కలరు. ఒత్తిడి అచ్చటను కనబడని వస్తువే. వారికి మేము చెప్పదగినది ఇంతే. ఒక్క గుర్తును చూచి తీర్పు చెప్పవద్దు. ఆ గుర్తునకు వేరొక కారణము కలదా అని విచారింపుడు. మంచి స్థితిలోని వస్తువును ప్రక్కన పెట్టి పోల్చి చూడుడు. ఎంత పనియున్నను, అనుమానము తీరువరకు రెండవ తూటా కాల్చకుడు.