ఆర్‌ఎక్స్ 100 ఇంజిన్‌లో పెట్టే రూపాయి తిరిగొస్తుందా?

యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. ఇప్పటికీ కాగితాలు సరిగా ఉండి, కంపెనీ భాగాలు చెక్కుచెదరని బండి దొరికితే లక్ష రూపాయల పైమాటే చెబుతున్నారు. అదే బండికి పెద్ద బోరు, రేసింగ్ సైలెన్సర్ బిగించి అమ్మకానికి పెట్టినవారిని మాత్రం కొనేవాళ్లు ముందుగా అడిగేది ఒక్కటే: "ఒరిజినల్ సామాను ఉందా?" పాత బండి ఇంజిన్ మీద డబ్బు పెట్టాలనుకునేవారు తమ లెక్కను ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

ఈ వ్యాసకర్త ఇంట్లో 1992 మోడల్ ఆర్‌ఎక్స్ 100 ఉంది. తండ్రి కొన్న బండి. విజయవాడలో ఆఫీసుకి వెళ్లిరావడం, బజారు పనులు అన్నీ దానిమీదే. కొన్నాళ్లుగా పికప్ పడిపోయింది. ఇద్దరెక్కి కొండపల్లి ఘాట్ రోడ్డు పడితే మూడో గేరులో లాగడం మానేసింది. ఎదురుగా మూడు దారులున్నాయి. బండి పక్కన పెట్టి కొత్తది కొనడం, బయటి మార్కెట్లో దొరికే పెద్ద బోర్ కిట్‌తో ఇంజిన్ బలాన్ని పెంచడం, మంచి విడిభాగాలతో ఇంజిన్‌ను మొదటి స్థితికి తేవడం. వ్యాసకర్త మూడో దారి ఎంచుకున్నాడు. బండి మీద ప్రేమ ఉన్న మాట నిజమే గానీ, ఆ నిర్ణయం తీసుకున్నది కాగితం మీద వేసిన లెక్క చూశాకే.

కొత్త బండి లెక్క ముందుగా తేలింది. 125 సీసీ బండి ఆన్‌రోడ్ ధర లక్షకు అటూ ఇటూగా ఉంటుంది. లక్ష రూపాయలు 11 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 3,270 రూపాయల ఈఎంఐ పడుతుంది. వడ్డీయే దాదాపు 18 వేలు. బండి షోరూం దాటిన రోజు నుంచే దాని ధర తగ్గడం మొదలవుతుంది. మంచి స్థితిలో ఉన్న ఆర్‌ఎక్స్ 100 ధర మాత్రం ఏటికేడు పెరుగుతూ వచ్చింది. ఉన్న ఆస్తి విలువ పెరుగుతుంటే దాన్ని మూలన పడేసి, విలువ తగ్గేదాన్ని అప్పు చేసి కొనడం వ్యాసకర్తకు సబబు అనిపించలేదు.

ఇక మిగిలినవి రెండు దారులు: బలం పెంచడమా, పోయిన బలం తిరిగి తెచ్చుకోవడమా. రెండింటికీ ఖర్చు పెట్టాల్సిందే. కానీ ఆ ఖర్చుల స్వభావం వేరు. అది తెలియాలంటే ఇంజిన్ సంగతి కొంత తెలియాలి.

1985 నవంబరులో ఎస్కార్ట్స్ సంస్థతో కలిసి యమహా తెచ్చిన ఈ బండిది 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్. బలం 11 హార్స్‌పవర్. అదే ఏడాది వచ్చిన హీరో హోండా సీడీ 100 కూడా దాదాపు అంతే సీసీ, కానీ ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఏడెనిమిది హార్స్‌పవర్ దగ్గరే ఆగింది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో క్రాంక్ తిరిగిన ప్రతిసారీ సిలిండర్‌లో మంట రేగుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే. వంద కిలోల చుట్టుపక్కల బరువున్న బండికి 11 హార్స్‌పవర్ తోడయ్యేసరికి ఆర్‌ఎక్స్‌కు ఆ పేరొచ్చింది. అయితే ఈ ఇంజిన్ బలమంతా కంప్రెషన్ మీద, సిలిండర్ గోడలోని రంధ్రాల (పోర్టుల) మీద, సైలెన్సర్ లోపలి ఆకారం మీద ఆధారపడి ఉంటుంది. రింగులు అరిగి, క్రాంక్ ఆయిల్ సీళ్లు గట్టిపడి గాలి పీలుస్తుంటే 11లో ఎన్ని హార్స్‌పవర్ పోయాయో నడిపేవాడికి తెలియదు. ఏళ్ల తరబడి మెల్లగా పోతుంది కాబట్టి, బండికి మొదటి నుంచీ అంతే బలం ఉందనుకుంటాడు.

అందుకే చాలామంది పెద్ద బోరు వైపు చూస్తారు. ఆర్‌ఎక్స్ 135 సిలిండర్ తెచ్చి బిగిస్తే 98 సీసీ ఒక్కసారిగా 132 అవుతుంది. పోర్టింగ్ చేయించి, అంటే పోర్టులను కోయించి, ఎగ్జాస్ట్ పోర్టును పైకి జరిపితే ఇంజిన్ ఇంకా ఎక్కువ ఆర్‌పీఎం దాకా గుంజుతుంది. దాంతోపాటే కింది ఆర్‌పీఎంలో లాగుడు పడిపోతుంది. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నలిగే బండికి కావాల్సింది ఆ కింది లాగుడే. సిలిండర్ హెడ్ అడుగును చెక్కించి (హెడ్ ఫేసింగ్) కంప్రెషన్ పెంచితే వేడి పెరుగుతుంది. మే నెల ఎండలో, గాలితో చల్లబడే ఇంజిన్ ఆ వేడికి తట్టుకోలేక సీజ్ అయితే పిస్టన్, సిలిండర్ రెండూ మళ్లీ కొనాల్సి రావచ్చు. పెరిగిన బలం పాత క్లచ్ మీద, చైన్ మీద, ఆ కాలం నాటి డ్రమ్ బ్రేకుల మీద పడుతుంది. ఒక భాగం మార్చితే దాని వెనకే మరో నాలుగు భాగాల ఖర్చు వస్తుంది.

పెట్రోలు లెక్క వేరు. 40 ఇచ్చే బండి పెద్ద కార్బొరేటర్, పోర్టింగ్ తర్వాత 30 ఇస్తుందనుకుందాం. నెలకు 500 కిలోమీటర్లు తిరిగితే నాలుగు లీటర్లకు పైగా అదనం. లీటరు 110 లెక్కన నెలకు సుమారు 460 రూపాయలు, ఏడాదికి 5,500. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు పెట్రోలుతో పాటు వాడే టూటీ ఆయిల్ దీనికి అదనం. కిట్ ధర ఒక్కసారే ఇస్తాం, ఈ డబ్బు మాత్రం బండి తిరిగినన్నాళ్లూ ఇస్తూనే ఉండాలి.

చట్టం కూడా ఈ లెక్కలోకి రావాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మరోసారి స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. చెవులు చిల్లులు పడే సైలెన్సర్ వల్ల శబ్ద కాలుష్యం కేసు పెడితే 10 వేల దాకా జరిమానా ఉంది. ఆర్సీలో 98 సీసీ అని ఉండి ఇంజిన్‌లో 132 ఉంటే, ప్రమాదం జరిగిన రోజున సొంత నష్టం క్లెయిమ్‌ను తిరస్కరించడానికి బీమా కంపెనీకి ఆ ఒక్క కారణం చాలు.

వ్యాసకర్త మూడో దారికి 25 వేల పరిమితి పెట్టుకున్నాడు. బ్యాంకులో నెలకు 2,000 చొప్పున ఏడాది ఆర్డీ కట్టి, వడ్డీతో కలిపి దాదాపు ఆ మొత్తం చేతికొచ్చాకే పని మొదలైంది. క్రెడిట్ కార్డు జోలికి పోలేదు. ముందే రాసుకున్న పద్దు ఇలా ఉంది: పిస్టన్, రింగులు, బోరింగ్‌కు 3,000. క్రాంక్ విప్పి కనెక్టింగ్ రాడ్, బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్చడానికి 5,500. కార్బొరేటర్ రిపేరు కిట్, రీడ్ వాల్వుకు 2,000. క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్‌కు 3,500. టైర్లు, బ్రేక్ షూలు, కేబుళ్లకు 5,000. లేబర్ 4,000. మొత్తం 23 వేలు. ఇంజిన్ విప్పాక బయటపడే ఖర్చుకు 2,000 పక్కన పెట్టాడు. పద్దులో టైర్లు, బ్రేకులకు కూడా వాటా ఉంచడం అనుకుని చేసిందే. ఆగలేని బండికి బలం పెంచడంలో అర్థం లేదు.

లారీల పనికి పేరుపడ్డ విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో బైకుల సిలిండర్లు పట్టే లేత్ షాపులూ ఉన్నాయి. అక్కడి మేస్త్రి మొదటి మాటే విలువైనది. "ముందు పిస్టన్ కొనుక్కు రండి సార్. దాన్ని కొలిచాకే బోరు కొడతా." ఒకే సైజు అచ్చు వేసిన రెండు పిస్టన్ల మధ్య కూడా మిల్లీమీటరులో వందో వంతు తేడా ఉండొచ్చు. మైక్రోమీటరుతో పిస్టన్ కింది అంచును కొలిచి, ఆ కొలతకు తగ్గ సందు వదిలి సిలిండర్ కోశాడు. తర్వాత హోనింగ్ రాళ్లతో లోపలి గోడ మీద ఒకదానికొకటి అడ్డంగా సన్నని గీతలు తెప్పించాడు. ఆ గీతల్లో నిలిచే ఆయిలే రింగులను కాపాడుతుంది. చివరగా పోర్టుల అంచులను చేత్తో రాసి నునుపు చేశాడు. అంచు పదునుగా ఉంటే రింగు దానికి తగులుకుని విరిగిపోతుంది.

ఇక్కడ డబ్బుకు సంబంధించిన ఒక కీలకమైన సంగతి ఉంది. ఓవర్‌సైజ్ పిస్టన్లు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ 0.25, 0.50, 0.75, 1.00 సైజుల్లో దొరుకుతాయి. ఒకేసారి పెద్ద సైజుకు వెళితే బలం పెరుగుతుందని కొందరి నమ్మకం. లెక్క చూస్తే, 50 మిల్లీమీటర్ల బోరును 51 చేసినా 98 సీసీ కాస్తా 102 అవుతుంది, అంతే. బోరింగ్ వల్ల వచ్చే అసలు లాభం పోయిన కంప్రెషన్ తిరిగి రావడం. సిలిండర్‌లో మిగిలిన సైజులు ఖాతాలో మిగిలిన నిల్వ లాంటివి. అరుగుదల పోవడానికి ఎంత కోస్తే చాలో అంతే కోయించాలి. చివరి సైజు కూడా అయిపోతే స్లీవ్ వేయించాలి, లేదా దొరకని ఒరిజినల్ సిలిండర్ కోసం ఊరూరా వెతకాలి.

విడిభాగాలన్నీ కంపెనీవే దొరకవు. పేరున్న పిస్టన్, రింగుల తయారీదారుల సరుకు బయటి మార్కెట్లో దొరుకుతుంది. అది వాడితే తప్పేమీ లేదు. బిల్లు మాత్రం తప్పక తీసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం శ్లాబులోని మోటారు సైకిల్ విడిభాగాలు 18 శాతంలోకి వచ్చాయి. అసలు ధర 10 వేలుండే సామాను మునుపు 12,800 అయ్యేది, ఇప్పుడు 11,800. బిల్లు లేకుండా చవకగా ఇస్తామనే దుకాణంలో డూప్లికేట్ పిస్టన్ చేతికొస్తే, పన్నులో మిగిలిన ఆ కాస్తా సిలిండర్ రూపంలో పోతుంది.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు కూడా పాత కార్బొరేటర్ లెక్క మార్చింది. ఇథనాల్‌కు పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు. పాత జెట్‌తోనే నడిపితే మిశ్రమం పలచబడి ఇంజిన్ వేడెక్కుతుంది. అందుకే మెకానిక్ మెయిన్ జెట్ ఒక సైజు పెంచి, కొంత దూరం నడిపించి ప్లగ్ విప్పి చూపించాడు. మొన గోధుమ రంగులో ఉంటే మిశ్రమం కుదిరినట్టు, తెల్లబడితే ఇంకా పలచగా ఉన్నట్టు. పెట్రోలు పైపు, రబ్బరు వాషర్లు కూడా కొత్తవి వేశాడు. వీటన్నిటికీ అయ్యింది కొద్ది వందలు.

పని పూర్తయ్యాక బండి మళ్లీ ఘాట్ రోడ్డు మూడో గేరులోనే ఎక్కుతోంది. మైలేజ్ మెరుగుపడింది, పొగ తగ్గింది. ఆర్సీలోని సీసీ మారలేదు, బీమాకు అడ్డేమీ లేదు, బండి విలువ ఇంకా పెరిగింది. 20 ఏళ్లు దాటిన మోటారు సైకిల్‌కు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టులో 2,000 రూపాయలైంది. 75 నుంచి 150 సీసీ లోపు బండికి థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్ నాటి రేటు ప్రకారం ఏడాదికి 714 రూపాయలు, దానిపై పన్ను. పాత బండి ఉంచుకునేవారు ఈ ఖర్చులను కూడా పద్దులో రాసుకోవాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే, కిట్ కొనే ముందు కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఇంజిన్‌లో ఏం పోయిందో తెలిశాకే దేనికి డబ్బు పెట్టాలో తెలుస్తుంది. విప్పిన ఒరిజినల్ భాగాలను తుక్కు కింద ఇచ్చేయకండి. నూనె రాసి, గుడ్డలో చుట్టి బిల్లులతో పాటు దాచిపెట్టండి. రేపు బండి అమ్మాల్సి వస్తే కొనేవాళ్లు ముందుగా అడిగేది వాటినే.