అయ్యగారింట్లో కుటుంబ ప్రార్థన

తోట్లవల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో ఆదివారం వస్తే పాస్టరు గారిల్లు అందరికంటే ముందు లేస్తుంది. చాలాచోట్ల మందిరాన్ని ఆనుకునే ఇల్లు. అబ్బాయి యాంప్లిఫయరుకు వైర్లు తగిలించి, పట్టాలు పరిచి, మైకు పట్టుకుని హలో హలో అంటుంటాడు. అమ్మాయి సండే స్కూలు పిల్లల్ని వరసల్లో కూర్చోబెడుతుంది. అమ్మగారు పొయ్యి మీద అన్నం పడేసి, ప్రభువు బల్ల మీద పరిచే తెల్లగుడ్డ మడతలు సరిచేస్తుంటారు. ఆరాధన అయ్యాక అయ్యగారు నాలుగు ముద్దలు తిని, బండెక్కి కరకట్ట మీదుగా పక్క ఊరి కూడికకు బయల్దేరతారు. సోమవారం ఒకరింట్లో జ్వరం, బుధవారం ఇంకొకరింట్లో పెళ్లిమాటలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఊరందరి కోసం మోకాళ్లూనే మనిషి సొంత పిల్లల పక్కన మోకాళ్లూని ఎన్నాళ్లయిందో సంఘంలో ఎవరూ అడగరు.

ఈ సమస్య ఈ జిల్లాకు కొత్తది కాదు. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఇద్దరు యువకులు బందరులో దిగారు. ఒకరు రాబర్ట్ నోబుల్, మరొకరు హెన్రీ వాట్సన్ ఫాక్స్. నోబుల్ పెళ్లి చేసుకోలేదు. 1843లో బడి పెట్టి, 1865లో కన్నుమూసేదాకా దానికే అంకితమయ్యారు. ఆయన పేరుతో నోబుల్ కాలేజీ ఇవాళ్టికీ ఉంది. ఫాక్స్ భార్యతో కలిసి వచ్చారు. ఆ ఏడాదే బందరులో కొడుకు పుట్టాడు. ఫాక్స్ ఊరూరా తిరిగి తెలుగులో సువార్త చెప్పేవారు. ఇక్కడి వాతావరణం ఆ దంపతులిద్దరికీ పడలేదు. 1845లో భార్య ఆరోగ్యం పూర్తిగా చెడడంతో ఇంగ్లండుకు ఓడెక్కారు. ఆమె ఆ ప్రయాణం మొదట్లోనే చనిపోయింది. ఫాక్స్ తల్లిలేని పిల్లల్ని స్వదేశంలో వదిలి 1846లో మళ్లీ బందరు వచ్చారు. రెండేళ్లకే జబ్బుపడి తిరిగి వెళ్లి, 1848 అక్టోబరులో మరణించారు. అప్పటికి ఆయన వయసు 31.

బందరులో పుట్టిన ఆ కొడుకు హెన్రీ ఇలియట్ ఫాక్స్ పెద్దయ్యాక 1895 నుంచి 1910 దాకా అదే సొసైటీకి గౌరవ కార్యదర్శిగా పనిచేశారు. ఈ కథ విన్నవారు ‘చూశారా, దేవుడే పెంచుకున్నాడు’ అంటారు. అనడం తేలిక. కానీ ఆ పసివాణ్ణి రోజూ పక్కలో పడుకోబెట్టుకుని ప్రార్థన నేర్పినవాళ్లు ఎవరో ఉండే ఉంటారు. వాళ్ల కష్టాన్ని లెక్కలోంచి తీసేసి, సేవకుడు ఇల్లు వదిలేసినా ఫరవాలేదని పాఠం చెప్పడం న్యాయం కాదు.

బెంగాల్లో మిషనరీ విలియం కేరీ ఇంట్లో జరిగిందీ అలాంటిదే. భార్య డొరొతీకి మతి చలించింది. ఆయనేమో అనువాదాల్లో మునిగి ఉండేవారు. మగపిల్లలు అదుపు తప్పుతుంటే శ్రీరాంపూరులో హానా మార్ష్‌మన్, విలియం వార్డ్ వాళ్లను దగ్గరికి తీసి దారిలో పెట్టారు. తండ్రి చేయలేని పనికి తోటి విశ్వాసులు పూనుకున్నారు.

నిర్గమకాండం 18వ అధ్యాయం మీద మన కన్వెన్షన్లలో చాలా ప్రసంగాలు వినిపిస్తాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తీర్పులు చెబుతూ మోషే నలిగిపోతుంటే, పనిని పదిమందికి పంచమని మామ యిత్రో సలహా ఇస్తాడు. ఆ మామ ఒట్టి చేతులతో రాలేదన్న సంగతి మాత్రం ప్రసంగాల్లో తక్కువగా వినిపిస్తుంది. అంతకుముందు మోషే పుట్టింటికి పంపిన భార్య సిప్పోరాను, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు కుటుంబాన్ని అప్పగించాడు, ఆ తర్వాతే సలహా చెప్పాడు.

ఇల్లు వదలక తప్పని రోజులూ ఉంటాయి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వచ్చి లంక గ్రామాలు మునిగాయి. అలాంటి రోజుల్లో సేవకుడు ఇంటి గడప దాటాల్సిందే, ఇంట్లోవాళ్లూ సంతోషంగా పంపుతారు. చిక్కల్లా మామూలు రోజులతోనే. రాత్రి పిల్లలతో కంచం ముందు కూర్చోగానే ఫోను మోగుతుంది. అబ్బాయి జుట్టు కాస్త పెంచినా ‘పాస్టరు గారబ్బాయివై ఉండి ఇదేంటి’ అంటారు. ఇంటిని చక్కగా ఏలలేనివాడు సంఘాన్ని ఎలా చూస్తాడన్న తిమోతి పత్రికలోని మాట అప్పుడు అందరికీ గుర్తొస్తుంది. ఆ ఇంటి కోసం ఆయనకు ఒక్క సాయంత్రం మిగల్చాలన్నది మాత్రం ఎవరికీ తోచదు.

ఇక అమ్మగారి సంగతి. ఊళ్లో ఆడవాళ్లంతా కష్టాలు చెప్పుకునేది ఆవిడ దగ్గరే. ఆవిడకు భర్త మీదో సంఘం మీదో మనసు నొచ్చితే ఎవరికి చెప్పుకోవాలి? ఆవిడకు పాస్టరు కూడా ఆ భర్తే.

సంఘ పెద్దలారా, వారంలో ఒక రాత్రి మీ అయ్యగారికి ఫోను చేయకండి. ఆ రాత్రి ప్రార్థన అవసరమైన ఇంటికి మీలో ఒకరు వెళ్లండి. ఉయ్యూరులోనో పామర్రులోనో ఉన్న పెద్దవయసు సేవకుల జంటను నెలకోసారి పిలిపించి, అమ్మగారూ పిల్లలూ వాళ్లతో మనసు విప్పి మాట్లాడుకోనివ్వండి. ఈ నెల కమిటీ కూర్చున్నప్పుడు కానుకల లెక్కలకంటే ముందు ఈ సంగతి తేల్చండి.