నాలుగు కుప్పల చింతపండు

1991 వేసవిలో మేము అనకాపల్లి నుండి కిరందుల్ టౌన్‌షిప్‌నకు వచ్చాము. జపానుకు ఇనుప ఖనిజం చేరవేయటానికి 1960వ దశకంలో నిర్మించిన కొత్తవలస-కిరందుల్ రైలు మార్గంలో మా ప్రయాణం సాగింది. ఒక్కొక్క సొరంగం దాటుతుంటే మా ఊరు ఇంకొంత దూరమైనట్లు తోచింది. దిగగానే ఎదుట బైలడిల కొండలు. ఆ పేరుకు ఎద్దు మూపురమని అర్థమట, చూసినవారెవరూ కాదనలేరు.

క్వార్టరు దొరికినది గాని మనసు కుదుటపడలేదు. మూడు మాసాలపాటు ఒక ట్రంకు పెట్టె విప్పనే లేదు. "బదిలీకి దరఖాస్తు పెట్టండి" అని మా శ్రీమతి పోరు. మాకు హిందీ అంతంతమాత్రం. సంతకు వచ్చే ఆదివాసీ స్త్రీలలో చాలామందికి అదీ లేదు.

ఆ సంతలో ఇప్పపువ్వు, సారపప్పు, దొప్పలలో ఎర్రచీమలు అమ్మేవారు. ఒక వృద్ధురాలి వద్ద చింతపండు నాలుగు కుప్పలు తీసుకొని, ఆమెకు లెక్క రాదనుకొని, మూడింటి వెలయే చేతిలో పెట్టి వచ్చాము. ఆమె ఏమీ అనలేదు. మేము దానిని మా తెలివి అనుకొన్నాము.

మరుసటి వారం మళ్లీ ఆమె వద్దకే వెళ్లాము. ఈసారి ఆమె ఒక్కొక్క కుప్పను వేలితో తాకుతూ పైకే లెక్కించింది: "ఉండి, రండ్, ముండ్, నాలుంగ్." మా శ్రీమతి ఉలిక్కిపడి, "రెండు, మూడు, నాలుగు" అన్నది. వృద్ధురాలు నవ్వింది. ఎండకు మేము పెదవులు తడుపుకొనుట చూసి, సొరకాయ బుర్ర అందిస్తూ "ఏర్" అన్నది. మన ఏరే అది!

అడవి భాష అని మేము తీసివేసిన గోండీ మన తెలుగుకు తోబుట్టువు. రెండూ ద్రావిడ భాషలే. ఆమెకు క్రిందటి వారమూ లెక్క తెలుసును. తెలియనిది మాకే. ఆనాడు అయిదు కుప్పల వెల ఇచ్చి, నాలుగే తీసుకొన్నాము. ఆమె ఎక్కువైన నాణేలు చూసి, మా ముఖాలు చూసి, కొంగున ముడి వేసుకొన్నది. ఆ రాత్రి ట్రంకు పెట్టె విప్పాము.

తరువాత దంతెవాడ వెళ్లి శంఖిని, డంకిని నదుల సంగమం వద్ద దంతేశ్వరీ దేవిని దర్శించాము. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ అన్నమదేవుడు బస్తరు చేరినాడని ఇక్కడి ఐతిహ్యం. ఈ దారిన వచ్చిన తెలుగువారిలో మేము మొదటివారము కామన్నమాట.

1998లో మా జిల్లా దంతెవాడ అయినది. 2000లో మా రాష్ట్రం ఛత్తీస్‌గఢ్ అయినది. మేము కదలకుండానే చిరునామా రెండుసార్లు మారినది. క్రొత్తగా వచ్చే సోదర ఉద్యోగులకు మా మనవి ఒక్కటే: సామాను సర్దుకొనుటకు ముందే సంతకు వెళ్లి, నాలుగంకెలు నేర్చుకొనండి.