తీర్పుకు ముందరి అన్నం

జంషెడ్‌పూర్‌లో గోల్‌మురి అనగానే తగరపు రేకు గుర్తుకు వస్తుంది. 1920లో స్థాపితమైన టిన్‌ప్లేట్ కంపెనీ 1922లో ఇక్కడ ఉత్పత్తి ప్రారంభించి, శతాబ్దం పైబడిన చరిత్రతో 2024లో టాటా స్టీల్‌లో విలీనమైంది. ఈ నగరపు కొలుములను నమ్ముకొని ఉత్తర కోస్తా పల్లెల నుండి, గంజాం ప్రాంతం నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ వేళ్లూనుకొన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు సాక్షిగా నిలిచి ఉంది. పొలం వదలి వచ్చిన వారికి ఇక్కడ చేయే పొలం. ఆ చేయి దెబ్బతిన్ననాడు ఇంటిల్లిపాదికీ కరువు వచ్చినట్లే.

కొన్నేళ్ల క్రిందట గోల్‌మురిలో నివసించే ఒక తెలుగు కార్మికునికి అటువంటి కరువే వచ్చింది. పదిమంది కూడా లేని చిన్న కార్ఖానాలో ప్రెస్సు మీద పనిచేస్తూండగా అతని కుడిచేతి వ్రేళ్లు నలిగాయి. ఎముకలు అతుక్కోవడానికి నెలలు పడుతుందనీ, వ్రేళ్లు మునుపటిలా వంగుతాయో లేదో అప్పటికి గాని తెలియదనీ వైద్యులు చెప్పారు. నష్టపరిహారం కోరుతూ అర్జీ పెట్టుకొన్నాడు. తన జీతం నెలకు 12,000 రూపాయలని అతడు, కాదు, 8,000 మాత్రమేనని యజమాని. వివాదం కమిషనరు ముందుకు వెళ్లింది. వాయిదాలు మొదలయ్యాయి.

న్యాయస్థానానికి వాయిదా ఒక తేదీ మాత్రమే. గాయపడిన వాని ఇంట్లో అదే వాయిదా కిరాణా కొట్టులో పెరిగే పద్దు, కట్టని చీటీ, ఊళ్లో తల్లికి పంపవలసి ఉండీ పంపలేకపోయిన పైకం. అంతిమంగా వచ్చే పరిహారం ఎంత పెద్దదైనా, అది వచ్చేలోగా గడవవలసిన రోజులను వెనక్కి తెచ్చి ఇవ్వలేదు.

ఈ సత్యాన్ని మన చట్టాలు కొంత ముందే గుర్తించాయి. ఈ నగరంలోని ఉక్కు కర్మాగారం 1920లోనే కార్మికులకు ప్రమాద పరిహార పథకాన్ని ఏర్పరచింది. తరువాత వచ్చిన 1923 నాటి శ్రామిక నష్టపరిహార చట్టం 1924 జూలై 1 నుండి దేశంలో అమలైంది. తాత్కాలికంగా పని చేయలేని వానికి ఆ చట్టం పక్షానికొకసారి చెల్లింపును నిర్దేశించింది. ఆ మొత్తం నెలజీతంలో నాలుగవ వంతు, అంటే నెలకు సగం జీతం. అశక్తత ఇరవై ఎనిమిది రోజులు గాని, అంతకు మించి గాని ఉంటే తొలి చెల్లింపు పదహారవ రోజుకే ఇవ్వాలి. అయితే లెక్క తేలనప్పుడు ఏమి చేయాలి? దీనికి సమాధానం 1959 నాటి సవరణలో లభించింది. కోరినంత బాధ్యతను యజమాని అంగీకరించకపోయినా, తాను అంగీకరించిన మేరకు తాత్కాలికంగా వెంటనే చెల్లించి తీరాలి. మిగిలిన దాని కోసం పోరాడే హక్కు కార్మికునికి చెక్కుచెదరదు.

గోల్‌మురి కార్మికుని విషయంలో ఈ లెక్క సులభంగానే తేలింది. యజమాని ఒప్పుకొన్న జీతం ప్రకారం పక్షానికి 2,000 రూపాయలు. కార్మికుడు కోరినది 3,000. వివాదం మిగిలిన వెయ్యి మీద మాత్రమే. రెండు వేలు ఇంటికి వచ్చినప్పుడు అతని భార్య ఊరట చెందింది. అతడు మాత్రం చేయి చాచలేదు. ఇరుగుపొరుగుకు అర్జీలు వ్రాసిపెట్టే ఒక విశ్రాంత గుమాస్తా వద్దకు వెళ్లాడు.

"ఇది పుచ్చుకుంటే నా కేసు కొట్టుకుపోదా, మాస్టారూ?"

"కొట్టుకుపోదు నాయనా. అతడు ఒప్పుకొన్నది నీకు ఇస్తున్నాడు. ఒప్పుకోనిది కదా దావా! రసీదులో మాత్రం 'తాత్కాలిక చెల్లింపు' అని వ్రాయించు. పూర్తిగా ముట్టిందన్న కాగితం మీద వేలిముద్ర వేయకు."

ఆ వృద్ధుని మాటలో చట్టసారమంతా ఉంది. నష్టపరిహార హక్కును వదులుకొనే ఒప్పందం చెల్లదని కూడా 1923 చట్టం చెప్పింది. వైద్యానికి యజమాని పెట్టిన ఖర్చును పరిహారం క్రింద జమకట్టరాదన్నది కూడా అందులోని నియమమే. అయినా ఈ సంగతులు తెలియక, ఆకలికీ హక్కుకూ మధ్య ఏదో ఒకటి ఎంచుకోవాలని భయపడి, చేతికి వచ్చిన పైకాన్ని తిరస్కరించేవారు, లేదా దానికోసం సర్వహక్కులూ వ్రాసి ఇచ్చేవారు కనిపిస్తూనే ఉంటారు.

బాధ్యత ఎప్పుడు పుడుతుందన్న ప్రశ్నకు ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్, శ్రీనివాస సబత వివాదంలో సుప్రీంకోర్టు 1975 డిసెంబరులో స్పష్టమైన సమాధానం ఇచ్చింది. పనిలో ఎడమచేయి కోల్పోయిన వడ్రంగి వ్యవహారమది. కమిషనరు నిర్ణయించిన నాటి నుండి కాక, గాయమైన క్షణం నుండే చెల్లించవలసిన బాధ్యత ఏర్పడుతుందని ధర్మాసనం తేల్చింది. తీర్పు అప్పును లెక్కకడుతుందే గాని సృష్టించదు.

అయినా ఈ ఏర్పాటులో ఒక లోపం మిగిలి ఉంది. యజమాని కొంత ఒప్పుకొంటేనే కొంత దక్కుతుంది. అసలు ప్రమాదమే జరగలేదనీ, ఆ మనిషి తన పనివాడే కాడనీ అంటే, తాత్కాలిక చెల్లింపు సున్నా. కాంట్రాక్టు కూలీకి ఈ భయం మరీ ఎక్కువ. కాంట్రాక్టరు తప్పుకొన్నా ప్రధాన యజమాని చెల్లించి, తరువాత అతని నుండి రాబట్టుకోవాలన్న నియమం ఉన్నప్పటికీ, ఆ మాట నెగ్గించుకోవడానికి కూడా కాలం కావాలి.

ఈ లోపాన్ని చాలావరకు పూడ్చినది బీమా మార్గం. ఆచార్య బి. పి. అదార్కర్ 1944లో సమర్పించిన నివేదిక పునాదిగా 1948లో కార్మిక రాజ్య బీమా చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో పథకం ఆరంభమైంది. ఇందులో తాత్కాలిక అశక్తత భృతి సగటు వేతనంలో 90 శాతానికి పెరిగింది. రోజుకు 400 రూపాయలు సంపాదించే వానికి 360 అన్నమాట. చెల్లించేది సంస్థ కనుక యజమాని మనసు మారేదాకా వేచి ఉండనక్కరలేదు. కాని పదిమంది కూడా లేని కార్ఖానాలు సాధారణంగా ఈ గొడుగు క్రిందికి రాలేదు. గోల్‌మురి కార్మికుడు తడిసినది అక్కడే.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020, ఈ రెండు చట్టాలనూ తనలో కలుపుకొంది. అంగీకరించిన మేరకు ముందే చెల్లించాలన్న సూత్రాన్ని నిలుపుకొంది. నియమం కాగితం మీద పదిలంగానే ఉంది. దాన్ని ఇంటి గడప దాటించే భారం దస్త్రం పట్టుకొన్న అధికారి మీద ఉంది. "ఎంత ఇవ్వాలి?" అన్న విచారణకు ముందు, "ఎంతవరకు ఒప్పుకొంటున్నారు, అది ఇచ్చారా?" అని తొలి వాయిదానాడే యజమానిని అడిగితే చాలు. దానికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త పద్దు అక్కరలేదు. ధర్మం నిదానంగా నడవవచ్చు. కాని అది వచ్చేదాకా ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉండడం కూడా ధర్మంలో భాగమే.